కూత తెగిందా, తెగలేదా?

దగ్గరికి జరిగి కూసో బిడ్డా. ఆ పత్తికట్టె నెగట్లకు ఇంత ఎగదొయ్యి. ఫోన్ జేబుల పెట్టు, అదేం ఉరికిపోదు. ఇయ్యాల నీకు తీర్పుల ముచ్చట చెప్తా. కోర్టు తీర్పులు గావు, ఆటల తీర్పులు. దానెంట ఇంకో ముచ్చట సుత ఉన్నది, మైదానం ఎవలిదన్నది. ఈ రెండు పంచాయితీలు నేను బుద్ధెరిగినప్పటి సంది వింటనే ఉన్న, మన కోహెడ బడి మైదానం కాడికెల్లి హైదరాబాద్ ఫతే మైదానం దాక. రెండూ ఒక్క తీరుగనే మొదలైతయి. ఎవలికి వాళ్లు న్యాయం నాదే అంటరు.

ముందుగాల కబడ్డీ. మీరు టీవీల చూసే కబడ్డీ వేరు. చాప మీద ఆడుతరు, కూతకు 30 సెకండ్ల గడియారం పెడుతరు, అనుమానమొస్తే బొమ్మ ఎనుకకు తిప్పి చూస్తరు. మాకు చాపలు లేవు, గడియారాలు లేవు. సంక్రాంతి వస్తుందంటే పోరగాండ్లందరు కలిసి మెత్తటి మన్ను మోసుకొచ్చి పోసి, నీళ్లు జల్లి, సున్నంతోని గీతలు గీసెటోళ్లు. సున్నం దొరకకుంటే పొయ్యిల బూడిద. సగం ఆట అయ్యేసరికే ఆ గీత కాళ్ల కింద కలిసిపోతది. ఇగ ఆడ లొల్లి షురూ. కాలు గీత దాటిందని ఒకడు, అసలు గీతనే లేదు గదా ఏం దాటుడు అని ఇంకొకడు.

గీత లొల్లి చిన్నది. పెద్ద లొల్లి కూతది. ఒక్క ఊపిరి మీద కూత పెట్టుకుంట అవుతలి దిక్కు పోవాలె, ఊపిరి తెగకముందే తిరిగొచ్చి నడిమి గీత తాకాలె. పట్టుకున్నోళ్లు కాళ్లు గుంజుతుంటరు, మీద పడుతరు. అంతమంది కింద పడ్డోని కూత నడుస్తున్నదా, తెగిందా? కంటికి కనబడేది గాదు, చెవికి వినబడాలె. సుట్టు ఊరంత ఈలలు, కేకలు. గందుకే ఎంపైరు కూత పెట్టినోని పక్కపొంటి వంగి ఉరుకుతుండె. ఆయనకు ఉండేది ఒక చెవి, ఒక విజిల్.

ఆ ఎంపైరు ఎవలనుకున్నవ్? పక్క ఊరి పంతులు. మన ఊరాయన నిలబడితే మనోడు మనోనికే చెప్తడు అంటరని, ఆడే రెండు ఊర్లు గాక మూడో ఊరికెల్లి పిలుచుకొచ్చెటోళ్లు. ఆయన సైకిల్ మీద వచ్చేది. ముట్టజెప్పేది ఒక తువ్వాల, ఒక కొబ్బరికాయ, రెండు పూటల బువ్వ. పైసలిస్తే ఆయనే తీసుకోకపోవు. పైసలు తీసుకుంటే మాట పోతదని ఆయన బుగులు. తీర్పు చెప్పినంక ఓడిన జట్టు పెద్దోడు వచ్చి ఆయనకు దండం పెట్టాలె, అది రివాజు. లోపట ఎంత మండుతున్నా సరే పెట్టాలె. రాత్రికి రెండు జట్లు ఒక్క బంతిల కూసొని తింటయి. పొద్దున కాలు గుంజినోడే రాత్రి నీ ఇస్తర్ల ఇంకో గరిటె పప్పు పోయిస్తడు.

లొల్లి చేసెటోళ్లు లేకుండె అంటలేను. ఉండిరి. అయితే ఒకటి చూసిన. ఆడినోళ్లు ఊకె పోయిన్రు గని, బడి గోడ మీద కూసున్నోళ్లే కూత తెగలేదని పొద్దుగూకేదాక కొట్లాడిన్రు. వాళ్లు కూసున్న కాడికి కూత కాదు గదా, డప్పు సుత సరిగ్గ వినబడది. ఆడలేక మద్దెల ఓడన్నరని సామెత. ఆడకుండనే మద్దెల ఓడనేటోళ్లు మన ఊర్ల ఎక్కువ. నువ్వు నవ్వకు, మొన్న ప్రపంచ కప్పు చూసినప్పుడు నీ గొంతు మా వాకిట్లకు వినబడ్డది.

ఇగ హైదరాబాద్ పోదాం. 1969ల నేను ఆడ చదువుకుంటున్న. చదువు ఏడిది, ఆ యేడు తెలంగాణ కోసం లేచిన ఉద్యమంతోని కాలేజీలు చానా నెలలు మూతబడ్డయి. అక్టోబర్ కొచ్చేసరికి కొంచెం సల్లబడ్డది. అప్పుడు న్యూజీలాండోళ్లు ఫతే మైదానంల టెస్టు ఆడనీకి వచ్చిన్రు. టికెట్ కొనే తాహతు మా అసోంటోళ్లకు ఏడుండె. ఇరానీ హోటల్ల రేడియో ఉంటది, ఆడనే మా స్టేడియం. చాయ్ 15 పైసలు. ఇద్దరం కలిసి ఒక్క చాయ్ చెప్పి, సాసర్ల సగం కప్పుల సగం పోసుకొని, ఆట అయిపోయేదాక తాగెటోళ్లం. హోటల్ ఆయన చూసీ చూడనట్టు ఉంటుండె. ఇంట్ల రేడియో పెట్టుకోవాలంటే అప్పట్ల ఏడాదికి 15 రూపాయల లైసెన్సు, పోస్టాఫీసుల కట్టాలె. ఆ పైసలతోని వంద చాయ్‌లు వస్తయి. గందుకే రేడియో ఉన్నోని ఇంటికి చుట్టాలు ఎక్కువ. కామెంటరీ ఇంగ్లీషుల వచ్చేది. మాల ఇంగ్లీషు బాగ వచ్చిన ఒక పిల్లగాడు తెలుగుల చెప్పెటోడు, మధ్య మధ్యల సొంతంగ కొన్ని పరుగులు సుత కలిపెటోడు.

ఏడ ఇడిసిన? ఆఁ, టెస్టు కాడ. ఆ ఆటల న్యూజీలాండ్ మొదలు 181 కొట్టింది. రెండో రోజంత వాన. పిచ్ మీద గడ్డి కోయించాల్సిన యాళ్లకు ఎంపైర్లు కోయించలేదు, మరిచిపోయిన్రు. తెల్లారి మూడో రోజు కోయిస్తమంటే న్యూజీలాండ్ కెప్టెన్ డౌలింగ్ ఒప్పలేదు. యాళ్ల దాటింది, ఇప్పుడు కోసుడు నిబంధనల లేదన్నడు. ఆయన మాట నిబంధన ప్రకారం సరైందే. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టయింది మన ఎంపైర్ల పని. ఆ గడ్డి మీద మనోళ్లు 49 పరుగులకే తొమ్మిది వికెట్లు ఇచ్చుకున్నరు. ఆఖరికి వెంకటరాఘవన్, బేడీ నిలబడి 89 దాక తెచ్చిన్రు. అదే రోజు ఒక పిల్లగాడు ఆటగాండ్లతోని చెయ్యి కలుపుదామని లోపలికి ఉరికితే బందోబస్తోళ్లు కొట్టిన్రు. వాని నెత్తురు చూసి జనం రేగిన్రు, కుర్చీలు ఇసిరిన్రు. మా హోటల్ల అందరం నోరు మూసుకొని విన్నం.

ఆఖరి రోజు మనకు 268 కావాలె. 76కే ఏడుగురు పోయిన్రు. ఇంకో మూడు వికెట్లు పడితే వాళ్లదే గెలుపు, ఆటనే గాదు, సిరీసే వాళ్లది. అప్పుడు వాన దంచింది. వాన ఎలిసి ఎండ కొట్టింది గని మైదానం ఎండబెట్టే పని నత్తనడక నడిచింది. డౌలింగ్ తానే దిగి నీళ్లు తీసే పనిల చెయ్యి పెట్టిండు. అయినా ఆట మళ్ల మొదలు గాలేదు, డ్రా అని రాసిన్రు. మా హోటల్ల సప్పట్లు కొట్టిన్రు. నేనూ కొట్టిన. గని ఎదుటోని నోటికాడి బుక్క జారిపోతే సంబురపడుడు పెద్దమనిషి తరం గాదు. ఆ న్యూజీలాండోళ్లు మన దేశంల మొదటి సిరీస్ గెలుసుడు ఎన్నడో ఎరుకనా? 2024ల. మధ్యల 55 ఏండ్లు.

ఆ రోజు బ్యాటు పట్టి నిలబడ్డ వెంకటరాఘవన్ తర్వాత తానే ఎంపైరయిండు, 73 టెస్టులల్ల నిలబడ్డడు. ఎంపైర్లు మరిచిపోయిన గడ్డి మీద ఆడినోడు ఎంపైరు కోటు తొడుక్కుంటే, ఆ కోటు బరువు ఆయనకు ఇంకొకళ్లు చెప్పే పని లేదు.

మూడో ఊరి పంతులు ముచ్చట చెప్పిన గదా. ఆ ఉపాయం ప్రపంచానికి చానా ఆలస్యంగ తట్టింది. ఏ దేశంల ఆట జరిగితే ఆ దేశపోళ్లే ఎంపైర్లు, పోయినోళ్లు వాళ్ల మీద ఏడుసుకుంట రావాలె, ఏండ్లకేండ్లు ఇదే నడిచింది. 1986ల పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్ల ఆడినప్పుడు, ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి రెండు దేశాలకు సంబంధం లేని ఎంపైర్లను పిలిపించిండు. పోయినోళ్లు ఇద్దరు మన దేశపోళ్లే, పీలూ రిపోర్టర్ ఒకరు, మన హైదరాబాద్ వి.కె. రామస్వామి ఇంకొకరు. మన దేశపోళ్లు పాకిస్తాన్‌కు పోయి తీర్పు చెప్తే ఆ దేశపోళ్లు ఒప్పుకున్నరు. 2002 కొచ్చేసరికి టెస్టులకు ఇద్దరు ఎంపైర్లూ బయటి దేశపోళ్లే అయిన్రు. మా సైకిల్ పంతులు లెక్క అందరికి ఎక్కనీకి అన్ని ఏండ్లు పట్టింది.

తర్వాతి యేడే, 1987 మార్చిల, ఫతే మైదానంలనే మనకు పాకిస్తాన్‌కు ఒక్కరోజు ఆట. మనోళ్లు 212, వాళ్లూ 212. ఆఖరి బంతికి అబ్దుల్ ఖాదిర్ ఒక్క పరుగు తీసి లెక్క సమం చేసి, రెండోదానికి ఉరికి రనౌట్ అయిండు. మనకు పోయినవి ఆరు వికెట్లు, వాళ్లకు ఏడు. వికెట్లు తక్కువ పోయినోళ్లు గెలిచినట్టని ముందుగాలనే రాసుకున్నరు, గెలుపు మనకిచ్చిన్రు. అండ్ల ఎంపైర్ల తప్పు ఒక్క నూలుపోగంత లేదు. ఆట మొదలు గాకముందు ఒప్పుకున్న లెక్కను ఆట అయినంక తప్పు అనొద్దు.

ఇప్పుడు సముద్రం దాటుదాం, ఓపిక పట్టు. మా మనుమడు ఐర్లండ్ దేశం డబ్లిన్ల చదువుకుంటున్నడు గదా. వాడు నాకు ఫోన్ల రగ్బీ అనే ఆట చూపిస్తడు. కోడిగుడ్డు లెక్క బంతి, దిక్కుకు 15 మంది. చంకల పెట్టుకొని ఉరుకొచ్చు, గని చేతితోని ముందుకు ఇయ్యొద్దు, పక్కకో ఎనుకకో ఇయ్యాలె. పట్టుకొని పడేసుడు చూస్తే మన కబడ్డీ యాదికొస్తది. అండ్ల ఒక మర్యాద నాకు చానా నచ్చింది. ఎంత పెద్ద ఆటగాడైనా రెఫరీని సార్ అంటడు. తీర్పు మీద అడుగుడుంటే కెప్టెన్ ఒక్కడే అడగాలె. మిగిలినోళ్లు నోరు తెరిస్తే శిక్ష.

అంత మర్యాద ఉన్న కాడ సుత మనిషి మనిషే. 2007 ప్రపంచ కప్పుల కార్డిఫ్ ఊర్ల ఫ్రాన్స్, న్యూజీలాండ్ ఆడినయి. మళ్ల న్యూజీలాండే, చూసినవా? రెఫరీ వేన్ బార్న్స్, ఇంగ్లండ్ వకీలు, 28 ఏండ్ల పడుచోడు. ఫ్రాన్సోళ్లు బంతిని ముందుకు ఇచ్చింది ఆయన కంట పడలేదు. దాని మీదనే వాళ్లు పాయింట్లు కొట్టి 20–18తోని గెలిచిన్రు. న్యూజీలాండ్ దేశమంత ఆయనను తిట్టిపోసింది. చంపుతమని బెదిరించిన్రు. ఆయన మాత్రం పని ఇడువలేదు. 16 ఏండ్లు పని చేసి 2023ల పారిస్‌ల ఫైనల్‌కే రెఫరీ అయిండు. ఎదురుంగ మళ్ల న్యూజీలాండ్. వాళ్ల కెప్టెన్ శామ్ కేన్‌కు ఎర్ర కార్డు పడ్డది. మగోళ్ల ఫైనల్ల అసోంటిది అదే మొదటిది. దక్షిణాఫ్రికా 12–11తోని గెలిచింది. మళ్ల తిట్లు, ఈసారి ఆయన పెండ్లాం పిల్లల దాక పోయిన్రు. ఆట అయినంక ఆయన విజిల్ పక్కకు పెట్టిండు. టీవీ బొమ్మలు చూసి ఆయనకు చెప్పే టామ్ ఫోలీ సుత ఆ తిట్లు పడలేక అంతర్జాతీయ ఆటలకు దూరం జరిగిండు.

2015 ముచ్చట ఇంకోటి. స్కాట్లండ్, ఆస్ట్రేలియా ఆటల ఆఖరి నిమిషంల రెఫరీ క్రెయిగ్ జౌబర్ట్ ఇచ్చిన పెనాల్టీతోని ఆస్ట్రేలియా 35–34తోని గట్టెక్కింది. తెల్లారి రగ్బీ పెద్దలే ఆ తీర్పు తప్పని బయటికి చెప్పిన్రు. లెక్క మాత్రం మార్చలేదు. నిజం నిలకడ మీద తెలుస్తదంటరు గదా. తప్పును తప్పని చెప్పాలె, గెలుపును వాపసు గుంజుకోవద్దు, మనిషి ఇంటి మీదికి పోవద్దు. మా పెద్దమనుషులు కబడ్డీ కాడ చేసింది సుత గదే. ఒకసారి మా పంతులే మరునాడు వచ్చి, నిన్న కూత తెగలేదేమో బిడ్డా, నాకు తెగినట్టే వినబడ్డది అన్నడు. మా వాళ్లు ఆయనకు మళ్ల బువ్వ పెట్టి పంపిన్రు. పై ఏడు మళ్ల ఆయననే పిలిచిన్రు.

ఇగ మైదానం ముచ్చట. కునుకు తీయకు, అసలుది ఇప్పుడే ఉన్నది.

ఫతే మైదానం అంటే గెలుపు మైదానం. 1687ల గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు ఫౌజు ఆడ దిగిందని, గెలిచినంక ఆ పేరు వచ్చిందని చెప్తరు. 1955ల ఆడ మొదటి టెస్టు, అదీ న్యూజీలాండ్‌తోనే. మన హైదరాబాద్ గులాం అహ్మద్ కెప్టెన్. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టిండు, టెస్టులల్ల మన దేశపోడు కొట్టిన మొదటి డబల్ సెంచరీ అది. 1967ల లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన్రు. మా నోట్ల మాత్రం ఫతే మైదానమే.

అప్పుడు హైదరాబాద్ అంటే క్రికెట్ ఒక్కటే గాదు బిడ్డా, ఫుట్‌బాల్ పట్నం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 సంది 1954 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు కొట్టింది. వాళ్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల దేశాన్ని నాలుగో జాగ దాక తీసుకపోయిండు, 1962ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం తెచ్చిండు. తెల్లారి యేడే కన్నుమూసిండు. ఇట్ల రెండు ఆటలూ పెద్దయే. మైదానం ఒక్కటే. క్రికెట్‌కు నడుమ గట్టిగ కొట్టిన మట్టి పిచ్ కావాలె, దాని మీద బూటు మేకు పడొద్దు. ఫుట్‌బాల్‌కు అదే నడుమ మెత్తటి గడ్డి కావాలె. రెండు కత్తులు ఒక్క ఒరల ఎట్ల ఇముడుతయి? వీళ్ల పిచ్ వాళ్లు తొక్కిన్రని, వాళ్ల రోజులు వీళ్లు గుంజుకున్నరని ఒకటే తకరారు. మైదానం సర్కారుది, క్రికెట్ సంఘం కిరాయిదారు లెక్క.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటరే, అట్లయింది. ఆటగాండ్లు తారీఖుల కోసం గుంజుకుంటుంటే మైదానం సభలకు అక్కరకొచ్చింది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగ ప్రమాణం చేసింది ఆడనే. 2004ల వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబర్ల రేవంత్‌రెడ్డి, ఇద్దరిదీ ఆడనే. జనం కూడాలంటే జాగ కావాలె, నేను కాదన. గని ఆ సభ కోసం పాతిన గుంజల గుంతలు పూడ్చేది ఎవలు? తెల్లారి ఉరకనీకొచ్చే పిల్లలే గదా.

1999ల సచిన్ 186, ద్రవిడ్ 153 కొట్టి 331 పరుగులు జోడించింది ఆ మైదానంలనే. ఎవల మీద? చెప్పు చూద్దాం. అవును, న్యూజీలాండ్. 2003 తర్వాత అంతర్జాతీయ క్రికెట్ ఆడ మళ్ల జరుగలేదు. క్రికెట్ తన ఇల్లు తాను ఉప్పల్ల కట్టుకున్నది, 2005ల ఆడ మొదటి ఒక్కరోజు ఆట. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిల ఇంకో స్టేడియం లేచింది. ఎవల కొంప వాళ్లకయింది. గని బషీర్‌బాగ్ నడిబొడ్డున, ఎటుకెల్లి వచ్చిన బస్సయినా ఆగే కాడ, మన కోహెడ పిల్లగాడు సుత సద్ది మూట కట్టుకొని పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన మైదానం ఎనుకబడ్డది. వారాలు పంచుకొని ఉంటే రెండు ఆటలూ ఆడనే బతుకుతుండె. ఈ మాట నేను ఎవల ముందటైనా చెప్తా.

పంచుకునుడు అయ్యే పని గాదంటవా? మా మనుమని డబ్లిన్ ముచ్చటే ఇను. ఆడ క్రోక్ పార్క్ అనే పెద్ద మైదానం ఉన్నది, 82 వేల మంది పడుతరు. 1884ల పుట్టిన వాళ్ల దేశవాళీ ఆటల సంఘానిది అది. 1920 నవంబర్ 21న ఆట నడుస్తుంటే ఇంగ్లీషోళ్ల బలగాలు లోపలికొచ్చి కాల్చినయి, 14 మంది చచ్చిపోయిన్రు, అండ్ల ఒక ఆటగాడు. రగ్బీ, ఫుట్‌బాల్ అసోంటి పరాయి ఆటలు ఆ గడ్డ మీద ఆడొద్దని సంఘం నిబంధన రాసుకున్నది. తర్వాత రగ్బీ ఆడే లాన్స్‌డౌన్ రోడ్ మైదానం పడగొట్టి కట్టాల్సి వచ్చింది, రగ్బీకి జాగ లేకపాయె. ఏండ్లకేండ్లు వాదులాట. కడకు 2005 ఏప్రిల్ల సంఘపోళ్లు ఓట్లు వేసి, తాత్కాలికంగ తలుపు తెరిచిన్రు. 2007 ఫిబ్రవరిల అదే ఇంగ్లండోళ్ల రగ్బీ జట్టు అదే గడ్డ మీదికి వచ్చింది. ఇంగ్లీషోళ్ల జాతీయ గీతం మోగుతుంటే ఏమన్న లొల్లి అయితదని అందరికి బుగులే. 82 వేల మంది నిమ్మళంగ నిలబడి విన్నరు. తర్వాత ఐర్లండ్ జట్టు ఆట ఆడి 43–13తోని గెలిచింది. 86 ఏండ్ల పగను పక్కకు పెట్టి మైదానం ఇచ్చినోళ్లు వాళ్లు. మన కాడ ఉన్నది పిచ్ మీద బూటు గురుతుల తకరారే గదా.

ఇగ మన ఊరి మాట. కోహెడ అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబర్ల సిద్దిపేట జిల్లాల కలిసింది. జిల్లా మారింది గని బడి మైదానం లొల్లి మారలేదు. శనిగరం చెరువు నిండిన యేడు వడ్లు ఎక్కువ పండుతయి, కల్లాలు సాలవు, మైదానంల ఆరబోస్తరు. పోరగాండ్లు కబడ్డీ అంటరు, రైతు నా వడ్లు అంటడు. మా నాడు పెద్దమనుషులు దీనికి తెంపు చెప్పిన్రు. పొద్దు వంగేదాక వడ్లు, తర్వాత ఆట. వడ్లు కుప్ప చేసుడుకు ఆటగాండ్లే సాయం పట్టాలె. పట్టినం. గడ్డపారల అసోంటి పోరగాండ్లు గంటల కుప్ప చేస్తే రైతులు మురిసిపోయి పల్లికాయ ఉడుకబెట్టి తెచ్చిన్రు.

సంక్రాంతి దగ్గర పడ్డది. ఈసారి మీ జట్టు నీ చేతుల ఉన్నదంట, మీ అవ్వ చెప్పింది. మూడో ఊరికెల్లి ఎంపైరును పిలువు. వచ్చినాయనకు ముందుగాల బువ్వ పెట్టు. ఆయన కూత తెగిందంటే తెగింది, నీ ఫోన్ల బొమ్మ తీసి ఊరంత తిప్పకు. మైదానంల వడ్లున్నోళ్ల ఇంటికి ఆదివారం పోయి, ఎన్నడు ఎత్తుతరో అడుగు, ఎత్తేటప్పుడు సాయం పోండ్రి.